“నువ్వొక్కడివేనా?” – గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో నా మొదటి కస్టమర్లు

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం నేనొక సాఫ్ట్‌వేర్ రాశాను. రాసింది నేనొక్కడినే, అమ్మేదీ నేనే, రాత్రి పదింటికి ఫోన్ మోగితే ఎత్తేదీ నేనే. మొదటి కస్టమర్లు ఎలా దొరికారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ సొంతంగా ఏదైనా మొదలుపెడదామని చూస్తున్నవాళ్లు. వాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఈ వ్యాపారం గురించి కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు యార్డుకి మిర్చి పోటెత్తుతుంది. ధర నచ్చిన రైతు అమ్ముకుంటాడు, నచ్చని రైతు ఏసీలో పెడతాడు. కోల్డ్ స్టోరేజీని ఇక్కడ అందరూ ఏసీ అనే అంటారు. చల్లగా ఉంటేనే ఎండు మిర్చి రంగు పోదు, పురుగు పట్టదు. సరుకు టిక్కీల్లో వస్తుంది, టిక్కీ అంటే నలభై కిలోల పైచిలుకు ఉండే గోతం. ఒక్కో ఏసీలో లక్ష టిక్కీల దాకా పడతాయి. ప్రతి రైతు సరుకూ ఒక లాట్. ఆ లాట్ తేజనా, 334నా, బాడిగనా (ఇవి మిర్చి రకాలు), రంగు పోయిన తాలా, ఏ గదిలో ఉంది, ఏ అంతస్తులో ఏ వరసలో ఉంది అన్నీ రాసుకోవాలి. రైతుకి బాండు, అంటే సరుకు మా దగ్గరుందని రాసిచ్చే రసీదు, ఇవ్వాలి. ఆ బాండు మీద అతను అప్పు తెచ్చుకుంటాడు. తర్వాత ఒకేసారి తీసుకుపోడు. ఇవాళ పది టిక్కీలు, వచ్చే నెల ముప్పై. తీసుకెళ్లిన ప్రతిసారీ అద్దె, హమాలీ, అప్పు ఉంటే వడ్డీ లెక్కగట్టాలి. చాలాచోట్ల ఇదంతా ఇప్పటికీ బారెడు పొడుగు లెడ్జర్లలోనే నడుస్తోంది.

మా మేనమామ వాళ్లది సత్తెనపల్లి దగ్గర మిర్చి వ్యవసాయం. ఒక ఏడాది ఆయన సరుకు అమ్మడానికి ఏసీకి వెళ్తే బాండు మీద ఉన్న నంబరుకీ లెడ్జర్‌లో ఉన్న నంబరుకీ పొంతన లేదు. సరుకు లోపలే ఉంది, ఎక్కడుందో తెలియదు. వెతికి బయటికి తీసేసరికి సాయంత్రమైంది, కొనడానికి వచ్చిన వ్యాపారి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఉద్యోగం మానేసి ఏం చేయాలా అని ఆలోచించినప్పుడు మొదట తట్టింది ఇదే.

సాఫ్ట్‌వేర్ రాయడం గురించి ఎక్కువ చెప్పను. అది నాకొచ్చిన పని. అమ్మడం దగ్గరే అసలు కథ.

మొదట అందరూ చేసేవే చేశాను. ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇస్తే ఫోన్లు బాగానే వచ్చాయి. కాకపోతే చేసినవాళ్లలో చాలామంది ఇంజినీరింగ్ పిల్లలు, ఇంటర్న్‌షిప్ ఉందా అని. ఏసీల నంబర్లు సంపాదించి ఫోన్లు చేస్తే మర్యాదగానే మాట్లాడారు, తర్వాత చూద్దాం అన్నారు. ఏసీ యజమాని ఫోన్‌లో వినపడిన గొంతుని నమ్మి లెక్కలు అప్పగించడు. కోట్ల రూపాయల పరాయి సరుకు ఆయన దగ్గర ఉంటుంది. ఒక్క లాట్ తేడా వస్తే రైతు పదిమందిని వెంటేసుకుని వచ్చి గేటు ముందు కూర్చుంటాడు. ఆయన జాగ్రత్త ఆయనకుండాలి కదా.

దారి చూపించింది ఒక ప్రింటర్ మెకానిక్. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు బాగుచేసే ఆయన, మా ఇంటి దగ్గరే చిన్న షాపు. మూడు కార్బన్ కాపీలు కావాలంటే ఇప్పటికీ ఆ ప్రింటర్లే గతి, అందుకే గుంటూరులో ఏ ఏసీ ఆఫీసుకైనా, ఏ వే బ్రిడ్జికైనా ఆయన వెళ్లాల్సిందే. ఎవరి దగ్గర కంప్యూటర్ ఉంది, ఎవరు లెడ్జర్ మీదే నడుపుతున్నారు, ఎక్కడ గుమస్తా మానేశాడు, ఎవరు నిరుడు లెక్క తేలక ఇబ్బంది పడ్డారు అన్నీ ఆయన నాలుక చివర ఉంటాయి. నేను నెలల తరబడి తిరిగినా తెలియని విషయాలు ఆయన టీ తాగుతూ చెప్పేశాడు.

“అన్నా, నన్ను నీతో తీసుకెళ్తావా? నేనేం అమ్మను, ఊరికే చూస్తాను” అన్నాను.

“రా తమ్ముడూ, టూల్ బాక్స్ పట్టుకో” అన్నాడు.

అలా ఆయన బండి వెనకాల కూర్చుని ఏటుకూరు రోడ్డు, నరసరావుపేట రోడ్డు మీద ఉన్న ఏసీలన్నీ చూశాను. ఆయన ప్రింటర్ హెడ్ విప్పి శుభ్రం చేస్తుంటే నేను గుమస్తా పక్కన కూర్చునేవాడిని. నా సాఫ్ట్‌వేర్ మాట ఎత్తేవాడిని కాదు. లెడ్జర్ ఎలా రాస్తున్నారో చూసేవాడిని, అడిగితే కూడికలు సరిచూసిపెట్టేవాడిని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా సరే, తమ కస్టమర్ దగ్గరికి ఇప్పటికే రోజూ వెళ్లి వస్తున్న మనిషి ఎవరో వెతకండి. ఆడిటర్ కావచ్చు, కాటా రిపేర్ చేసే ఆయన కావచ్చు, స్టేషనరీ వేసే ఆయన కావచ్చు. తలుపు తెరిపించేది ఆ మనిషే. ఆయన నా దగ్గర కమీషన్ తీసుకోలేదు. “నువ్వు పెట్టించే కంప్యూటర్లకి, ప్రింటర్లకి సర్వీస్ నాకే ఇప్పించు” అన్నాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

గుమస్తాల దగ్గర కూర్చున్నాక నా సాఫ్ట్‌వేర్ సగం మారిపోయింది. రెండు సంగతులు చెప్తాను.

ఒకటి పేర్లు. ఒకే ఊళ్లో వెంకటేశ్వర్లు అనే పేరున్నవాళ్లు డజను మంది ఉంటారు. అందులో ఇంటి పేరు కూడా ఒకటే అయినవాళ్లు ముగ్గురు నలుగురు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో గుమస్తా ఒక్కోలా కొడతాడు. గుమస్తా బుర్రలో మాత్రం ఏ తికమకా లేదు. “చెరువు గట్టు వెంకటేశ్వర్లు, అల్లుడు మిలిటరీ” అని ఆయనకి ముఖాలతో సహా గుర్తు. లెడ్జర్‌లో కూడా పేరు పక్కన చిన్న అక్షరాలతో ఇలాంటి గుర్తులే రాసుకుంటాడు. అందుకని పేరుతో వెతకడం పక్కన పెట్టి ఊరు, తండ్రి పేరు, ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు పెట్టాను. వాటితో పాటు ‘గుర్తు’ అని ఒక గడి ఇచ్చాను. గుమస్తా తన మాటల్లో ఏది రాసుకున్నా దాంతో వెతకొచ్చు. నేను చేసిన వాటన్నిట్లో గుమస్తాలకి ఎక్కువ నచ్చింది ఆ గడే.

రెండోది చిట్టీ. సరుకు దిగగానే గేటు దగ్గర మూడు కాపీల చిట్టీ కొట్టాలి: రైతుకొకటి, ఆఫీసుకొకటి, గదిలో సర్దే ముఠా మేస్త్రికొకటి. చిట్టీ మొత్తం తెలుగులో వస్తే బాగుంటుందని మొదట అలాగే చేసి చూశాను. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తెలుగుని బొమ్మలా గీస్తుంది. పిన్నులు అటూ ఇటూ తిరిగి ఒక చిట్టీ పూర్తయ్యేసరికి వెనక రెండు ట్రాక్టర్లు హారన్ కొడతాయి. మార్చి నెల రాత్రి రోడ్డు మీద దాకా బండ్లు బారులు తీరి ఉంటే ఆ ఆలస్యం కుదరదు. అందుకని రకం, టిక్కీలు, గది, వరస అనే తెలుగు మాటలన్నీ ప్రెస్‌లో ముందే అచ్చు వేయించిన కాగితం పెట్టించాను. ప్రింటర్ దాని మీద అంకెలు, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మాత్రం కొడుతుంది. కర్రుమని ఒక్క లాగుడులో చిట్టీ బయటికొస్తుంది. రైతు చేతికి తెలుగు చిట్టీయే వెళ్తుంది, గేటు దగ్గర బండి ఆగదు.

డబ్బు లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌కి పోటీగా మాత్రం వెళ్లలేదు. ఏ ఆఫీసులో కంప్యూటర్ ఉన్నా అందులో టాలీ ఉంటుంది, ఆడిటర్ అడిగేదీ అదే. ఆ టాలీ కూడా ఒక వ్యాపారి అవసరం లోంచి పుట్టిందే. మిల్లులకి ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకా తన లెక్కలకి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు భరత్ చేత రాయించుకున్నారు, 1986లో దాంతో కంపెనీ మొదలైంది. టిక్కీల లెక్క నా దగ్గర, డబ్బు లెక్క టాలీలో అనుకుని, రోజు చివర వచ్చిన మొత్తాలు టాలీలోకి వెళ్లే ఏర్పాటు చేశాను. ఆడిటర్లకి నేనంటే పడకుండా పోయే ప్రమాదం దాంతో తప్పింది. ఇద్దరు ఆడిటర్లు తర్వాత తామే నా పేరు చెప్పారు.

ఇక యజమానులు. గుమస్తా సరే అన్నాక లోపలి గదిలోకి పిలుపు వచ్చేది. అక్కడ గది చల్లగా, టీ వేడిగా, మాట నేరుగా ఉండేది. సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో ఆయన పెద్దగా చూసేవాడు కాదు. గుమస్తా చూశాడు కదా, చాలు. ఆయన చూసేది నన్ను.

“ఏందయ్యా, నువ్వొక్కడివేనా కంపెనీ అంతా?”

“ఒక్కడినేనండి.”

“రేపు నీకేదన్నా అయితే నా టిక్కీల లెక్క ఎవడు చెప్తాడు?”

ఒక్కో చోట ఇదే ప్రశ్న ఒక్కో రకంగా వచ్చింది. ఒకాయన “పెళ్లయిందా?” అని అడిగాడు. అవ్వలేదంటే “అయితే అమెరికా వెళ్లిపోతావు” అన్నాడు. ఇంకొకాయన, గతంలో ఒక కుర్రాడు ఇలాగే సాఫ్ట్‌వేర్ పెట్టి సీజన్ మధ్యలో బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోతే ఆ ఏడాది లెక్కలు మళ్లీ మొదటి నుంచి చేతితో రాయించుకున్నానని చెప్పాడు. ఆయన కంప్యూటర్ తెరలోకి చూడకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు ఆ మాట. అది ఎంత పెద్ద దెబ్బో నాకు అక్కడే అర్థమైంది.

సొంతంగా ఒక్కడే నడిపేవాడికి ఈ ప్రశ్న ఎదురవడం ఖాయం. చాలామంది దీన్నుంచి తప్పించుకోవడానికి “మా టీమ్” అంటుంటారు, వెబ్‌సైట్‌లో ఎవరెవరి ఫొటోలో పెడతారు. గుంటూరు లాంటి ఊళ్లో అది రెండు రోజులు నిలవదు. మా ఇల్లెక్కడో, మా నాన్న ఏం చేస్తారో వాళ్లకి నాకంటే ముందే తెలుస్తుంది. పైగా అది న్యాయమైన ప్రశ్న. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. అందుకని దానికి సమాధానం మాటల్లో కాకుండా కాగితం మీద ఇవ్వాలని కూర్చున్నాను.

ఆ కాగితం ఒకే పేజీ, తెలుగులో. సాఫ్ట్‌వేర్ ఆయన ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా, నా సర్వర్ ఆగిపోయినా ఆగదు, గడువు తీరితే తాళం పడిపోయే ఏర్పాటేమీ అందులో ఉండదు అని మొదట రాశాను. రోజూ రాత్రి మొత్తం నిల్వ, లాట్ల వారీగా, ఒక ఎక్సెల్ ఫైలుగా యజమాని మెయిల్‌కి వెళ్తుంది, పెన్‌డ్రైవ్‌లోకి కూడా దిగుతుంది. అది తెరవడానికి నా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. విజయవాడలో నాతో పాటు పనిచేసిన స్నేహితుడు ఉన్నాడు, అతనికి నెలనెలా కొంత ఇస్తూ నా కోడ్ తెలిసేలా చూసుకున్నాను. అతని పేరు, నంబరు, సంతకం కాగితం మీదే ఉన్నాయి. చివరిగా, సోర్స్ కోడ్, పాస్‌వర్డులు సీల్ వేసిన కవర్లో యజమాని ఆడిటర్ దగ్గర ఉంటాయి. ఫోన్ చేసినా మెసేజ్ పెట్టినా వారం రోజుల పాటు నేను పలకకపోతే ఆ కవర్ తెరవొచ్చు. పెద్ద కంపెనీలు దీన్ని ఎస్క్రో అంటాయి, లాయర్లని పెట్టుకుని చేస్తాయి. మాకు ఆడిటర్ గారి బీరువా సరిపోయింది.

ఈ కాగితం చూపించాక మాటల తీరే మారిపోయింది. ఒకాయన దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, “మా తమ్ముడికి చూపిస్తా” అన్నాడు. నేను ఇచ్చిన ఏ బ్రోచరూ ఎవరూ జేబులో పెట్టుకోలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా తక్కువ సంగతి కాదు. సీజన్ మొదలైతే ఆయనకి ఊపిరి సలపదు, నువ్వెవరని కూడా అడగడు. మే తర్వాత అలసిపోయి ఉంటారు. నవంబరు నుంచి జనవరి దాకా గదులు ఖాళీ అవుతుంటాయి, సున్నాలు వేయిస్తుంటారు, నిరుటి లెక్కల్లో తేలనివి తేలుస్తుంటారు. నిరుడు ఎక్కడ నొప్పి పుట్టిందో అప్పుడే పచ్చిగా గుర్తుంటుంది. నా మొదటి కస్టమర్ 2025 జనవరిలో సరే అన్నది అందుకే. అంతకుముందు ఏడాది దుగ్గిరాలలో పసుపు నిల్వ ఉన్న కోల్డ్ స్టోరేజీ ఒకటి కాలిపోయింది. ఆ వార్త విన్నప్పటి నుంచి లెడ్జర్లు కూడా అదే బిల్డింగులో ఉన్నాయన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. సరుకు కాలితే ఇన్సూరెన్స్ వస్తుంది, ఎవరి సరుకు ఎంతో చెప్పే పుస్తకం కూడా కాలితే రైతుకి ఏం చెప్పాలి? రోజూ రాత్రి లెక్క బిల్డింగు దాటి బయటికి వెళ్తుందన్న ఒక్క మాటకే ఆయన సగం ఒప్పుకున్నారు.

డబ్బు సంగతి. ఊరికే వాడి చూడండి అనలేదు. ఊరికే వచ్చింది సీజన్ ఒత్తిడిలో మొదటి రోజే మూలకి పోతుంది, గుమస్తా మళ్లీ లెడ్జర్ తీస్తాడు. నెల చందా కూడా పెట్టలేదు. ఏసీకి డబ్బు నెలనెలా రాదు, సరుకు బయటికి వెళ్లేటప్పుడు అద్దె రూపంలో వస్తుంది. అందుకని సీజన్‌కి ముప్పై వేలు, జీఎస్టీ అదనం అన్నాను. పదివేలు ముందు, మిగతాది డెలివరీలు మొదలయ్యాక. బేరం ఆడతారనుకున్నాను, ఆడలేదు. వేరే షరతు పెట్టారు.

“లెడ్జర్ కూడా రాయిస్తా. రెండూ నడుస్తాయి. నెల తర్వాత రెండూ కలిస్తేనే లెడ్జర్ ఆపుతా. కలవకపోతే నా పదివేలు నాకిచ్చేయ్.”

సరేనన్నాను. అదే కాగితం కింద ఆయన చేత్తోనే ఆ వాక్యం రాసి సంతకం పెట్టారు. చెక్కు ఇచ్చారు. పాత ఉద్యోగంలో నెలకి అంతకంటే చాలా ఎక్కువే వచ్చేది, అయినా ఆ చెక్కుని బ్యాంకులో వేయడానికి నాకు మనసొప్పలేదు. ఫొటో తీసుకుని వేశాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నా మకాం ఆ గేటు దగ్గరే. పగలు సర్దుబాట్లు, రాత్రి గుమస్తా పక్కన. ఆయన భయం నాకు తెలుసు. లెక్క మొత్తం తన బుర్రలో ఉన్నంతకాలం ఆయన లేనిదే ఆఫీసు నడవదు. అది కంప్యూటర్‌లోకి వెళ్తే తన సంగతేంటి? దీని గురించి యజమానితో ముందే మాట్లాడాను, ఈ సాఫ్ట్‌వేర్ వల్ల ఎవరినీ తీసేయనని ఆయన గుమస్తా ఎదురుగానే చెప్పారు. అంతకంటే పనిచేసింది ఇంకొకటి. ఇదివరకు సీజన్‌లో రోజు లెక్క కట్టడానికి అర్ధరాత్రి దాటేది. ఇవాళ లోపలికి ఎన్ని వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి, గదుల వారీగా నిల్వ ఎంత అన్నది ఆఖరి బండి దిగగానే ఒక్క బటన్‌తో తేలిపోయేసరికి ఆయన పిల్లలు నిద్రపోకముందే ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నా తరఫున మాట్లాడటానికి ఆయన ఉన్నాడు. ఎవరైనా యజమాని ఫోన్ చేసి “ఎట్టా ఉందయ్యా?” అని అడిగితే నాకంటే బాగా చెప్పేవాడు.

నెల తిరిగాక లెడ్జర్, కంప్యూటర్ పక్కపక్కన పెట్టి సరిచూశాం. ఒక్క చోట తేడా వచ్చింది. గదిలోకి వెళ్లి ముఠా మేస్త్రి చేత లెక్కపెట్టిస్తే కంప్యూటర్ చెప్పిందే నిజమైంది. యజమాని ఏమీ అనలేదు, లెడ్జర్ మూసి అవతల పెట్టమన్నారు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి గేటు దగ్గరి కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. బయట బండ్లు ఆగి ఉన్నాయి. ప్రింటర్ అన్న తన షాపులో ఉన్న పాత కంప్యూటర్ తీసుకుని బండి మీద వచ్చాడు. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న కాపీ నుంచి మొత్తం ఎక్కించాను. మధ్యలో దిగిన బండ్లకి గుమస్తా తెల్ల కాగితం మీద రాసిన చిట్టీలు కొట్టేసరికి గంట పట్టింది. తెల్లారేసరికి ఒక్క లాట్ కూడా తప్పిపోలేదు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. హమాలీలు ఒక ఏసీ నుంచి ఇంకో ఏసీకి పనికి వెళ్తుంటారు, లారీ డ్రైవర్లు అన్ని గేట్ల దగ్గరా టీ తాగుతారు. వారం తిరక్కుండా రోడ్డు అవతల ఏసీ యజమాని కబురు పెట్టారు. రెండో కస్టమర్ ఆయనే. సీజన్ మధ్యలో మారడం వద్దని నేనే ఆపి, డెలివరీల నుంచి మొదలుపెట్టాం.

ఆ ఏడాది మిర్చి ధర ఎలా పడిపోయిందో అందరికీ గుర్తే. ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద కేంద్రం క్వింటాకి ₹11,781 ధర ప్రకటించింది. రైతులు చాలామంది అమ్మలేక ఏసీల్లో పెట్టారు. సరుకు కదల్లేదు. రైతుకి దిగులు, సరుకు ఎలా ఉందో, అద్దె ఎంతయిందో, అప్పు మీద వడ్డీ ఎంత పెరిగిందో తెలియదు. ఊరి నుంచి అడగడానికి బస్సెక్కి రావాల్సిందే, లేదా గుమస్తాకి ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు రైతుకి నేరుగా మెసేజ్ వెళ్లే ఏర్పాటు చేశాను. అది అనుకున్నంత తేలిక కాదు. మన దేశంలో వ్యాపార మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో సంస్థ పేరు, పంపే మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. తెలుగు మెసేజ్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టేచోట తెలుగులో 70 మాత్రమే పడతాయి, దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ఒక్కో మాట తగ్గించుకుంటూ చివరికి ఇలా కుదిరింది: “తేజ 45 టిక్కీలు చేరాయి. లాట్ 1182. గది 3. తేదీ 14-03.” నమస్కారాలకి, కృతజ్ఞతలకి చోటు లేదు. రైతుకి అవి అక్కర్లేదు కూడా.

నాకు ఎక్కువమంది కస్టమర్లని తెచ్చిపెట్టింది ఈ చిన్న మెసేజే. రైతు ఒకే ఏసీలో పెట్టడు, రెండు మూడు చోట్ల పెడతాడు. ఒకచోట ఫోన్‌కి మెసేజ్ వచ్చాక రెండో చోట అడుగుతాడు, “వాళ్లు పంపుతున్నారు, మీరు పంపరా?” అని. ఆ ప్రశ్న నేను వెళ్లి అడిగితే అమ్మకం, రైతు అడిగితే పరువు. 2025 చివరికి నన్ను పిలిచినవాళ్లలో ఎక్కువమంది రైతులు అడుగుతున్నారనే పిలిచారు. మా మేనమామ సరుకు పెట్టిన ఏసీ కూడా అందులో ఉంది. ఆయన వాళ్లతో నేను తన మేనల్లుడినని చెప్పలేదట. “మెసేజ్ వస్తే బాగుంటుందండీ” అని మాత్రం అన్నాడట.

కాదన్నవాటి గురించి కూడా చెప్పాలి, డబ్బు బాగా అవసరమైన రోజుల్లో అవి వచ్చాయి కాబట్టి. ఒకాయన రెండు లెక్కలు కావాలన్నారు, ఒకటి చూపించడానికి, ఒకటి తన కోసం. అడిగిన రేటు కంటే రెట్టింపు ఇస్తానన్నారు. కుదరదని చెప్పి లేచి వచ్చేశాను. నేను అమ్మేది నమ్మకమైన లెక్క, ఒక్కచోట అది తప్పితే మిగతా వాళ్ల దగ్గర కూడా నా లెక్కకి విలువ ఉండదు. ఇంకొకరు రైస్ మిల్లుకి చేసిపెట్టమన్నారు. మంచి మనిషి, మంచి డబ్బు. మిల్లు లెక్క వేరు: ధాన్యం తేమ, నూక, తవుడు, బియ్యం ఎంత దిగింది. అది మొదలుపెడితే ఏడాది పాటు మిర్చిని మర్చిపోవాలి. ఒంటరిగా చేసేవాడికి చేయగలిగిన పనులు చాలా ఉంటాయి, చేతులు రెండే ఉంటాయి. ఆ పని తెలిసిన స్నేహితుడి నంబరు ఆయనకి ఇచ్చాను.

ఎవరైనా ఇలాంటిది మొదలుపెడుతుంటే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మొదటి కస్టమర్ దగ్గర ఒక సీజన్ మొత్తం ఉండండి. పండగొచ్చినా, చుట్టాలింట్లో పెళ్లొచ్చినా. పెట్టుబడిదారుల దగ్గర చెప్పుకోవడానికి వందమంది కస్టమర్లు ఉంటే బాగుంటుంది, నిజమే. పెట్టుబడి లేకుండా నడిపేవాడికి మాత్రం ఒక్కడు పూర్తిగా నిలబడితే ఆ ఒక్కడే మిగతావాళ్లని తెస్తాడు. గుంటూరు చుట్టుపక్కల ఏసీలు వంద దాటి ఉంటాయి. ఒక్కడికి అది చాలా పెద్ద మార్కెట్.

ఇప్పుడు వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు నుంచి పిలుపు వచ్చింది. నా మొదటి కస్టమర్ బావమరిదికి అక్కడ ఏసీ ఉంది. అక్కడి రకాలు వేరు, చపాటా మిర్చి ఉంటుంది, హమాలీ లెక్క వేరు, బాండు మీద అప్పు ఇచ్చే పద్ధతి వేరు. ఇక్కడిది యథాతథంగా తీసుకెళ్లి పెట్టను. వచ్చే నెల వెళ్తున్నాను, ముందు గుమస్తా పక్కన కుర్చీ వేయించమని అడిగాను. అక్కడ ప్రింటర్లు బాగుచేసే ఆయన ఎవరో గుంటూరు అన్న కనుక్కుని చెప్తానన్నాడు.